సుక్కు: సువాసనను నిలిపి ఉంచే విద్యకు ఒక పాత సాక్ష్యం

దైవప్రవక్త ముహమ్మద్ (స) వెంట మదీనా నుండి మక్కాకు బయలుదేరిన స్త్రీల గురించి హజ్రత్ ఆయిషా (రజి) ఒక చిన్న సంగతి చెప్పారు. ఇమామ్ అబూ దావూద్ (రహ్మ) దానిని తమ సునన్‌లో హజ్ ప్రకరణంలో చేర్చారు. ఇహ్రాం దీక్ష వహించే వేళ ఆ స్త్రీలు సుక్కు అనే సుగంధ ద్రవ్యాన్ని నుదుటికి పట్టించుకొనేవారు. దారిలో చెమట పట్టినప్పుడు అది ముఖం మీదికి జారేది. ప్రవక్త (స) దానిని చూసేవారు, వారించేవారు కారు.

ధర్మశాస్త్ర గ్రంథాలలో ఈ హదీసును సామాన్యంగా ఒకే ప్రశ్న సందర్భంలో ఉదహరిస్తారు. ఇహ్రాంలో సుగంధం పూసుకోవటం నిషిద్ధమే. అయితే ఇహ్రాంకు ముందు పూసుకొన్నది తరువాత కూడ ఒంటిమీద నిలిచి ఉంటే సంగతి ఏమిటి? చరిత్ర చదివేవారికి మాత్రం ఇందులో మరొక విషయం కనిపిస్తుంది. మదీనా నుండి మక్కాకు ఒంటెల మీద సుమారు తొమ్మిది రోజుల ప్రయాణం. ఒట్టి పూల నూనె అక్కడి ఎండలో ఒక్క పూట నిలవటమే కష్టం. ముద్దలాగా నుదుటిని అంటిపెట్టుకొని, చెమట తగిలినప్పుడు కదిలే ఈ సుక్కు అసలు ఏమిటి?

ఇదే మాటకు దగ్గరి రూపం హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనంలోనూ వస్తుంది. ప్రవక్త (స) వద్ద ఒక ‘సుక్క’ ఉండేదని, ఆయన దానినుండి సుగంధం తీసుకొని పూసుకొనేవారని అందులో ఉంది. వ్యాఖ్యాతలు దీనికి రెండు అర్థాలు చెప్పారు. సుగంధం ఉంచుకొనే పాత్ర అన్నది ఒకటి. పలు ద్రవ్యాలు కలిపి చేసిన సుగంధపు ముద్ద అన్నది రెండవది. అనువాదకులకు మొదటి అర్థం మీదనే మక్కువ; అత్తరుదాని అని వ్రాసి ముందుకు సాగిపోతారు. వాక్యం సాఫీగా నడుస్తుంది, పాఠకుడు ఎక్కడా ఆగడు. అయితే రెండవ అర్థాన్ని కనీసం చెప్పకుండా వదిలివేస్తే ఒక వృత్తివిద్య చరిత్ర ఆ పెట్టెలోనే మూతపడిపోతుంది.

సుక్కును తయారుచేసే పద్ధతిని 1415లో మరణించిన ఫీరోజాబాదీ తన అరబీ నిఘంటువు అల్‌ఖామూస్‌లో ఆ పదం క్రిందనే ఇచ్చాడు. నిఘంటుకారుడు వంటకం చెప్పినట్లు చెప్పటం అరుదు. ఇక్కడ మాత్రం ఓపికగా చెప్పాడు. దీనికి మూలం రామిక్ అనే నల్లని ముద్ద. అది మాచికాయతో తయారవుతుంది. మన పచారీ కొట్లలో దొరికే ఆ వగరు మాచికాయే ఇది. రామిక్‌ను దంచి, జల్లించి, నీటితో కలిపి గట్టిగా పిసుకుతారు. పాత్రకు అంటుకొనకుండ ఖీరీ అనే పూల నూనె రాసి ఒక రాత్రి ఉంచుతారు. మరునాడు నూరిన కస్తూరిని కొద్దికొద్దిగా కలుపుతూ మళ్ళీ పిసికి, బిళ్ళలు చేస్తారు. రెండు రోజుల తరువాత దబ్బనంతో వాటికి రంధ్రం పొడిచి, జనపనార త్రాటికి గుచ్చి, ఒక ఏడాది పాటు వ్రేలాడదీస్తారు. పాతబడిన కొద్దీ దాని పరిమళం మెరుగవుతుందని కూడ ఆయన వ్రాశాడు.

సువాసన అంటే ద్రవ్యం నుండి లేచి గాలిలో కలిసే సూక్ష్మమైన అణువుల గుంపు. తేలికపాటివి త్వరగా లేచిపోతాయి, బరువైనవి నిదానిస్తాయి. నిమ్మ తొక్క వాసన నిమిషాలలో పోవటానికీ, చందనం వాసన పెట్టె అడుగున ఏళ్ళ తరబడి ఉండటానికీ కారణం ఇదే. త్వరగా ఎగిరిపోయే దానిని నిలిపి ఉంచాలంటే ముఖ్యంగా రెండు ఉపాయాలున్నాయి. నిదానంగా ఆవిరయ్యే మరొక ద్రవ్యంతో దానిని కలపటం మొదటిది. దాని చుట్టూ ఒక గోడ కట్టి, అవసరమైనప్పుడు మాత్రమే బయటికి వచ్చేట్లు చేయటం రెండవది. సుక్కులో కస్తూరి తానే నిదానించే ద్రవ్యం. పైగా మాచికాయ ముద్ద ఎండి గట్టిపడి దానిని తనలో బిగించుకొంటుంది. బయటి పొర నుండి కొంచెం కొంచెంగానే వాసన వెలువడుతుంది. తడి తగిలి ముద్ద మెత్తబడితే లోపలిది పైకి వస్తుంది. చెమట గురించి హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన మాటతో ఇది చక్కగా సరిపోతున్నది.

వాసన నిలవటమన్నది ఆ కాలంలో అందచందాల విషయం మాత్రమే కాదు, ఆరాధనకు సంబంధించిన ప్రశ్న కూడ. ఇహ్రాంలో ఉన్న ప్రవక్త (స) పాపిటలో సుగంధపు మెరుపు తమకు ఇంకా కళ్ళకు కట్టినట్లున్నదని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పినట్లు బుఖారీ, ముస్లింలలో ఉంది. దీని ఆధారంగా ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ షాఫయీ, ఇమామ్ అహ్మద్ (రహ్మ) ఇహ్రాంకు ముందు పూసుకొన్న సుగంధం నిలిచి ఉండటంలో దోషం లేదన్నారు. ఇమామ్ మాలిక్ (రహ్మ) అంగీకరించలేదు. హనఫీ పక్షంలోనే ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) మాలిక్ వైపు మొగ్గారు. హజ్రత్ ముఆవియా (రజి) నుండి సువాసన రావటం పసిగట్టి, వెనుకకు వెళ్ళి కడుగుకొని రమ్మని హజ్రత్ ఉమర్ (రజి) ఆజ్ఞాపించిన ఉదంతం మువత్తాలో ఉంది. జిఇర్రానా వద్ద ఒక వ్యక్తిని అతని ఒంటిమీది ఖలూఖ్ కడుగుకొమ్మని ప్రవక్త (స) ఆదేశించటం వీరికి మరొక ఆధారం. అది హిజ్రీ 8వ సంవత్సరపు మాట అనీ, ఆయిషా (రజి) చూసినది 10వ సంవత్సరపు తుది హజ్‌లో అనీ షాఫయీ పక్షం వారి సమాధానం. క్షణంలో ఎగిరిపోయే సువాసన గురించి ఇంత చర్చ జరగదు. రోజుల తరబడి నిలిచే సుగంధాలు ఆ సమాజంలో వాడుకలో ఉన్నందువల్లనే ఇది సమస్య అయింది.

857లో మరణించిన వైద్యుడు ఇబ్నె మాసవైహ్ ప్రధాన సుగంధాలు ఐదు అన్నాడు: కస్తూరి, అంబరు, అగరు, కర్పూరం, కుంకుమపువ్వు. వీటిలో కస్తూరికి ప్రకృతియే ఒక తిత్తిని ఇచ్చింది. హిమాలయ, టిబెట్ ప్రాంతాల మగ కస్తూరిమృగం పొట్ట క్రింద ఉండే ఆ తిత్తిని అరబ్బులు ఫఅర అన్నారు, పారశీకులు నాఫా అన్నారు. టిబెట్ కస్తూరి చైనా కస్తూరి కంటె మేలైనదని సీరాఫ్ రేవుకు చెందిన అబూ జైద్, ఆయన తరువాత 956లో మరణించిన మస్ఊదీ వ్రాశారు. టిబెట్ మృగాలు సుగంధపు గడ్డి మేస్తాయన్నది వారు చూపిన ఒక కారణం. రెండవ కారణం మరింత ఆసక్తికరమైనది. టిబెట్ వారు కస్తూరిని దాని తిత్తిలోనే ఉంచి అమ్ముతారు; చైనాలో దానిని బయటికి తీసి కల్తీ చేస్తారు, పైగా అది సముద్రపు తేమలో చాలా దూరం ప్రయాణించి వస్తుంది. తిత్తి ఉంటే వాసన నిలుస్తుంది, మోసం తగ్గుతుంది. దివ్యఖురాన్ 83వ సూరాలో స్వర్గవాసుల పానీయానికి కస్తూరి ముద్ర ఉంటుందన్న ప్రస్తావన ఉంది. అక్కడ ‘ఖితామ్’ అంటే పాత్ర మీది ముద్ర అని కొందరు, తాగిన తరువాత చివరకు మిగిలే పరిమళం అని కొందరు వ్యాఖ్యానించారు. ఆనాటి శ్రోతకు రెండూ తెలిసిన అనుభవాలే.

అంబరు సంగతి వేరు. అది ఒక జాతి తిమింగలం ప్రేవులలో పుట్టి, సముద్రం మీద తేలుతూ ఎండకూ ఉప్పునీటికీ మాగి ఒడ్డుకు కొట్టుకొని వచ్చే పదార్థం. అది సముద్రం బయటికి నెట్టిన వస్తువు గనుక దానిమీద నిధికి విధించే ఐదవ వంతు లేదని ఇబ్నె అబ్బాస్ (రజి), ఉన్నదని హసన్ బస్రీ (రహ్మ) అభిప్రాయపడ్డారు. కస్తూరిని, అంబరును బాన్ నూనెలో కలిపితే గాలియా అవుతుంది. ‘ఖరీదైనది’ అన్నది ఆ పేరుకు అర్థం. దాని వెల విని ఖలీఫా ముఆవియా (రజి) అన్న మాటే పేరుగా స్థిరపడిందని ఒక కథ ఉంది, కథగానే తీసుకోవాలి. బాన్ మన మునగకు తోబుట్టువైన అరబ్బు చెట్టు. దాని గింజల నూనెకు తన సొంత వాసన దాదాపు లేదు, త్వరగా ముక్కిపోదు. మంచి కొయ్యపెట్టె లోపలి సామాను వాసనను చెడగొట్టనట్లు ఆ నూనె తనలో కలిసిన సుగంధాన్ని భద్రంగా మోస్తుంది.

ఈ విద్య మీద మనకు మిగిలిన పాత గ్రంథాలలో ముఖ్యమైనది యాఖూబ్ అల్‌కిందీ (సుమారు 801–873) పేరున ఉన్న ‘కీమియా అల్‌ఇత్ర్’. నూరుకు పైగా తయారీ పద్ధతులున్న ఈ గ్రంథాన్ని కార్ల్ గార్బెర్స్ జర్మన్ అనువాదంతో 1948లో ప్రచురించాడు. దీనిని చదివేవారికి ఒక ఇబ్బంది ఎదురవుతుంది. ఇందులో అసలు ద్రవ్యాల వంటకాలతో బాటు, అసలును పోలిన నకిలీ ద్రవ్యాలను తయారుచేసే విధానాలు కూడ ఉన్నాయి. వీటిని రసాయన ప్రజ్ఞగా మెచ్చుకొని ఊరుకోవటం సరికాదు. అదే బజారులో ముహ్తసిబ్ అనే అధికారి తిరిగేవాడు. 12వ శతాబ్దంలో షైజరీ ముహ్తసిబ్‌ల కోసం వ్రాసిన కరదీపికలో అత్తారుల మీద ఒక అధ్యాయమే ఉంది. కస్తూరిని నాలుకతో పరీక్షించాలని, నిప్పులాంటి చురుకు తగిలితే అసలుదని, చప్పగా ఉంటే కల్తీ అని అతడు చెప్పాడు. నోటిలోని కస్తూరిని తెల్లని బట్ట మీద ఉమిసి దులిపితే మరక లేకుండ రాలిపోవాలన్నది మరొక పరీక్ష. మంచి స్నేహితుణ్ణి కస్తూరి అమ్మేవానితో పోల్చిన హదీసు అందరికీ తెలిసినదే. ఆ పోలిక బజారులో నిజం కావటానికి ఎంత తనిఖీ అవసరమయిందో షైజరీ పుస్తకం చూపుతుంది.

గులాబీ నీటిని మొట్టమొదట కనిపెట్టినది ఇబ్నె సీనా అని తరచు వ్రాస్తుంటారు. ఇబ్నె సీనా పుట్టినది 980లో. అప్పటికి కిందీ మరణించి నూరేళ్ళు దాటింది. బట్టీ పట్టే పరికరాలు కిందీకి ఎన్నో తరాల ముందే అలెగ్జాండ్రియాలో గ్రీకు భాషలో వ్రాసిన రసవాదుల వద్ద ఉన్నాయి. ముస్లిం శిల్పుల ఘనత ఆ పరికరాన్ని విస్తారమైన వృత్తిగా మార్చటంలో, లెక్కలతో వ్రాసి ఉంచటంలో ఉంది. అది చిన్న ఘనత కాదు. దానికి లేని కిరీటం తొడిగితే ఉన్న కిరీటాన్ని కూడ జనం అనుమానిస్తారు.

హిందూదేశానికి వస్తే, అబుల్ ఫజల్ ఆయినె అక్బరీలో చక్రవర్తి ఖుష్‌బూఖానాకు ఒక భాగం కేటాయించి ద్రవ్యాలు, ధరలు, తయారీ వివరించాడు. బీజాపూరులో రెండవ ఇబ్రాహీం ఆదిల్‌షా (పాలన 1580–1627) కోసం ‘ఇత్రె నౌరస్ షాహీ’ అనే పారశీక గ్రంథం వెలసింది. సుగంధ విద్యను దక్కను దర్బారు ఎంత శ్రద్ధగా పట్టించుకొన్నదో దానివల్ల తెలుస్తుంది. గులాబీ అత్తరును నూర్జహాన్ కనిపెట్టిందన్నది లోకంలో వ్యాపించిన మరొక మాట. జహాంగీర్ స్వయంగా తన స్మృతులలో 1614 నాటి భాగంలో ఆ ఘనతను నూర్జహాన్ తల్లికి ఇచ్చాడు. వేడి గులాబీ నీటిని పళ్ళెములలో పోసినప్పుడు పైన తేలిన జిడ్డును ఆమె కొద్దికొద్దిగా సేకరించింది. దానికి ఇత్రె జహాంగీరీ అని పేరు పెట్టినది సలీమా సుల్తాన్ బేగం. చక్రవర్తి మాటనే చక్రవర్తి భార్య కీర్తి కప్పివేసింది.

కన్నౌజ్ అత్తరు బట్టీలలో నేటికీ నడుస్తున్న పద్ధతి పాత ఉపాయాలు రెండింటినీ కలిపి చూపుతుంది. దేగ్ అనే రాగి డేగిసాలో పూలు, నీరు పోసి, మూతను మట్టితో బిగించి, క్రింద కట్టెల మంట పెడతారు. ఆవిరి చోంగా అనే వెదురు గొట్టం ద్వారా భప్కా అనే పాత్రలోకి పోతుంది. భప్కా నీటి తొట్టిలో మునిగి ఉంటుంది. దానిలో ముందే చందన తైలం పోసి ఉంచుతారు. చల్లబడిన ఆవిరి లోని పూల సారాన్ని చందనం తనలోకి తీసుకొంటుంది. నీటిని వంచి, రోజు రోజుకూ కొత్త పూలు వేసి, అదే తైలం మీదికి మళ్ళీ ఆవిరి పట్టిస్తారు. చివరకు అత్తరును కుప్పీ అనే తోలు సీసాలో పోసి ఎండలో ఉంచుతారు. తోలు నీటి తేమను బయటికి వదులుతుంది, నూనెను, పరిమళాన్ని లోపలే ఉంచుకొంటుంది. ఏది పోవాలో, ఏది ఉండాలో తెలిసిన గోడ అది. హైదరాబాదు చార్మినార్ చుట్టుప్రక్కల అత్తరు దుకాణాలలో కొన్నది చెవి మడతలో దూదిపింజెగా మారినప్పుడు కూడ సూత్రం అదే. దూది మోస్తుంది, ఒంటి వెచ్చదనం విడుదల చేస్తుంది. చందన తైలం కరువై ఖరీదు పెరిగిన కొద్దీ దాని స్థానంలోకి లిక్విడ్ పారఫిన్ చాలా చోట్ల వచ్చింది. సీసా మీద ఆ సంగతి వ్రాసి అమ్మితే అది చవక సరుకు; వ్రాయకపోతే షైజరీ చెప్పిన కోవలోనిదే.

కస్తూరిమృగం కూడ కరువైంది. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానిని మొదటి షెడ్యూల్‌లో చేర్చింది. అంతకు ముందే రసాయన శాస్త్రం ఆ మృగాన్ని చంపవలసిన అవసరం లేకుండ చేసే దారి పట్టింది. కస్తూరి వాసనకు మూలమైన మస్కోన్ పదిహేను కర్బన పరమాణువుల వలయమని 1926లో రుజిచ్కా నిరూపించాడు. అంత పెద్ద వలయం బరువైనది, నిదానంగా ఆవిరవుతుంది. ఏడాది వ్రేలాడిన సుక్కు బిళ్ళలో వాసన ఎందుకు మిగిలిందో ఇందువల్ల కూడ కొంత అర్థమవుతుంది.

గోడ కట్టే ఉపాయం ఈ కాలంలో మరొక వైపు నుండి వచ్చింది. అమెరికాలో నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీకి చెందిన గ్రీన్, ష్లైషర్ అనే ఇద్దరికి నూనె చుక్కల చుట్టూ సూక్ష్మమైన గుళికలు కట్టే పద్ధతికి 1957లో పేటెంటు లభించింది. వారికి కావలసినది సువాసన కాదు, కార్బన్ లేకుండ నకలు దిగే కాగితం. జెలటిన్‌ను, అరబ్బీ బంకను గోరువెచ్చని నీటిలో కరిగించి, నూనెను అందులో చిన్న చుక్కలుగా చిలికి, కొంచెం ఆమ్లం కలుపుతారు. అప్పుడు జెలటిన్, బంక పరస్పరం ఆకర్షించుకొని ప్రతి చుక్క చుట్టూ పొరలా పేరుకొంటాయి. కాగితం మీద సిరాకు బదులు పరిమళం నింపితే, గీకి వాసన చూసే కాగితం తయారవుతుంది. బట్టల సబ్బుపొడిలో, మెత్తబరచే ద్రవాలలో వాడే గుళికలకు మాత్రం మెలమిన్, ఫార్మాల్డిహైడ్ వంటి వాటితో చేసిన గట్టి ప్లాస్టిక్ గోడలు వాడుకలోకి వచ్చాయి. మామూలు పరిమళంలో చాలా భాగం ఉతికిన నీటితోనే పోతుంది. గుళికలు బట్ట నూలుకు అంటుకొని, రోజుల తరువాత రాపిడికి పగిలి, అప్పుడే ఉతికినట్లు వాసన ఇస్తాయి. చెమటకు తెరుచుకొనేవి కూడ ఉన్నాయి.

ముస్లిం గృహస్థుకు ఇక్కడ రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. మొదటిది జెలటిన్ గురించి. అది జంతువుల చర్మం, ఎముకల నుండి వస్తుంది. పంది చర్మం కూడ అందులో ఉండవచ్చు. వస్తువు స్వభావమే మారిపోతే దాని తీర్పు కూడ మారుతుందన్న ఇస్తిహాలా సూత్రం హనఫీ గ్రంథాలలో ఉంది. జెలటిన్‌లో ఆ మార్పు పూర్తిగా జరిగిందా అన్నచోట నేటి ఉలమాలలో భేదాభిప్రాయం ఉంది. చేప జెలటిన్ వాడితే చర్చే ఉండదు. అయితే కొనేవానికి ఆ సంగతి తెలియాలి గదా! పరిమళం అన్న ఒక్క మాట క్రింద గోడ దేనితో కట్టారో దాగిపోతుంది. రెండవ ప్రశ్న పాత చర్చకే కొత్త రూపం. గుళికల సబ్బుతో ఉతికిన ఇహ్రాం వస్త్రం మీనా మైదానంలో రాపిడి తగిలి సువాసన వెదజల్లితే, అది ఇహ్రాంకు ముందటి సుగంధం నిలిచి ఉండటమా, లేక ఇహ్రాంలో కొత్తగా విడుదలైనదా? ఫుఖహాలు శరీరం కంటె వస్త్రం విషయంలో ఎక్కువ జాగ్రత్త చూపారు. సువాసన ఉన్న వస్త్రాన్ని విడిచి మళ్ళీ కట్టుకొంటే పరిహారం తప్పదన్నది షాఫయీలలో బలమైన మాట. తీర్పు చెప్పవలసినవారు ముఫ్తీలు. అయితే ప్రశ్న వారి ముందుకు సరిగా వెళ్ళాలంటే గుళిక పనిచేసే తీరు ముందు తెలియాలి. పరిమళం లేని సబ్బుతో ఉతకటం హాజీ చేతిలో ఉన్న పనే.

ఈ ప్లాస్టిక్ గోడలు పగిలి మురుగు నీటితో నదులకు చేరుతాయి. ఉద్దేశపూర్వకంగా కలిపే సూక్ష్మ ప్లాస్టిక్‌ను యూరోపియన్ యూనియన్ 2023లో నిషేధించింది. పరిమళపు గుళికలకు 2029 అక్టోబరు 17 వరకు గడువు ఇచ్చింది. అందువల్ల మట్టిలో కలిసిపోయే గోడల కోసం ఇప్పుడు వెదకులాట సాగుతున్నది. 2013లో మెల్‌బోర్న్‌లోని పరిశోధకులు టానిక్ ఆమ్లాన్ని ఇనుపలవణంతో కలిపితే క్షణాలలో సన్నని గుళిక పొర ఏర్పడుతుందని ప్రకటించారు. టానిక్ ఆమ్లం మాచికాయ వగరులో ఉండే పదార్థమే. మాచికాయను అన్నభేదితో కలిపితే నల్లని సిరా అవుతుందని అరబ్బు లేఖకులకు తెలుసు. ఎన్నో అరబీ వ్రాతప్రతులు ఆ సిరాతోనే వ్రాయబడ్డాయి. మెల్‌బోర్న్ వారు దీనిని ఖామూస్ నుండి నేర్చుకోలేదు, అలా ఎవరైనా వ్రాస్తే అది ఇబ్నె సీనా గులాబీ నీటి కథకు తోడవుతుంది. సుక్కు బిళ్ళలో ఇనుము లేదు, కస్తూరి మాత్రమే ఉంది. దానిని ఆరబెట్టటానికి ఒక ఏడాది పట్టేది.